సామేల్ కాక జేబులో ఏముంది

సామేల్ కాక పోయాడని, నిన్ననే మట్టి చేశారని ఫోను వచ్చినప్పుడు మా బాపు అన్నం కలుపుకుంటున్నాడు. ఫోను ఎత్తింది నేను. ఎవరన్నట్టు తలెత్తి చూస్తే విషయం చెప్పాను. కలిపిన అన్నం అలాగే వదిలేసి లేచి చేయి కడుక్కుని, "పోయొద్దాం పా" అన్నాడు. ఏళ్ల తరబడి ఆ ఇంటి గడప తొక్కని మనిషి, సామేల్ కాక ఎదురుగా వస్తుంటే రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్లిపోయిన మనిషి, చొక్కా వేసుకుని నాకంటే ముందే వాకిట్లో నిలబడ్డాడు. ఇప్పుడు మేముండేది కామారెడ్డిలో. అక్కడి నుంచి ఆర్మూర్ దాకా నేనే కారు నడిపాను. దారి పొడుగునా నాకు ఒక పొద్దుటిపూట గుర్తుకొస్తూనే ఉంది. మా వాకిట్లో స్టార్ట్ కాని కారు, దాని చుట్టూ పదిమంది జనం. ఆ పదిమందిలో నిజం తెలిసినవాళ్లు సామేల్ కాకా నేనూ ఇద్దరమేనని నేను అప్పటిదాకా అనుకుంటూ వచ్చాను.

ఆర్మూర్‌లో పుట్టినవాళ్లకు అనుమానం ఉగ్గుపాలతోనే వస్తుంది. అది మా తప్పు కాదు, పసుపు తప్పు. పసుపు కొనేవాడు సంచి మూతి విప్పి పైనున్న కొమ్ముల్ని చూసి మురిసిపోతే ఆ ఏడు మునిగినట్టే. మోచేయి దాకా చేయి దూర్చి అడుగున ఏముందో తీయాలి. తీసిన కొమ్మును విరిచి, చెవి దగ్గర పెట్టుకుని ఆ చప్పుడు వినాలి. లోపల రంగు చూసి, ముక్కు దగ్గర పెట్టి, అప్పుడు కూడా మొహం చిట్లించాలి. అమ్మేవాడు మాత్రం తక్కువా, తూకం వేసేవాడి చేతులనే చూస్తూ నిలబడతాడు, కళ్లు కూడా ఆర్పడు. ఎండాకాలం మొదలైతే చుట్టుపక్కల ఊళ్లలో పసుపు ఉడికే వాసన, పాలిష్ పట్టే డ్రమ్ముల దుమ్ము. ఆ దుమ్ము తలగడల మీదా, పాలగిన్నె అంచు మీదా, నా డిగ్రీ పుస్తకాల మీదా ఒకేలా పరుచుకునేది. మా ఊళ్లో పసుపు మరకను ఎవరూ మరక అనుకోరు. అసలు అది ఎవరి కంటికీ కనపడదు.

మా నాయనమ్మ ఏనాడూ మార్కెట్ మొహం చూడలేదు కానీ, మార్కెట్ అంతా ఆవిడలోనే ఉండేది. పాలవాడు ఎదురుగా పితికి ఇచ్చినా గిన్నెను పక్కకు వంచి గోడకు పాలు జారే తీరు చూసేది. చాకలి తెచ్చిన చీరను తనదే అని ఒప్పుకోవడానికి కొంగు అంచులన్నీ తడిమేది. పక్కింటివాళ్లు పండక్కి పంపిన గారెలను ముందు కుక్కకు వేసి, అది తోక ఊపాక మాకు పెట్టేది. నేను కాలేజీ నుంచి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే ఏమీ అడిగేది కాదు, నా చెప్పులకు అంటిన మట్టి ఏ వీధిదో చూసేది. కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషి అని మా అమ్మ విసుక్కునేది, అదీ ఆవిడ చెవిన పడకుండా. ఆవిడకు ఇంకో నియమం కూడా ఉండేది. ఇంటి వస్తువు ఏదైనా పరాయి చేతుల్లోకి పోయి తిరిగి వస్తే, దానికి పసుపు కుంకుమ పెట్టి, దొడ్డుప్పు కలిపిన పసుపు నీళ్లు వేపరెమ్మతో చల్లాలి. అప్పటిదాకా దాన్ని వాడడానికి లేదు. కమ్మరి దగ్గర్నుంచి వచ్చిన కత్తిపీటకైనా, దర్జీ దగ్గర్నుంచి వచ్చిన రవికకైనా ఇదే వరస. పసుపు లక్ష్మికట, ఉప్పు దిష్టికట. రవికలన్నీ మరకలతోనే తొడుక్కునేవాళ్లం.

బాపు బతుకుతెరువు ఒక పెట్రోల్ అంబాసిడర్. కిరాయికి తిప్పేవాడు. పెళ్లికొడుకుల్ని, నిజామాబాద్ దవాఖానకు పోయే పేషెంట్లను, అంకాపూర్ విత్తనాల రైతులను చూడడానికి వచ్చే ఆఫీసర్లను ఎక్కించుకునేవాడు. ఒక ఎండాకాలం దానికి పొగ ఎక్కువైంది. పెట్రోలుతో పాటు ఇంజనాయిలూ తాగడం మొదలుపెట్టింది. ఇంజను మొత్తం విప్పి రింగులు మార్చాలన్నారు. బాపు దాన్ని సామేల్ కాకకు అప్పజెప్పాడు. కాక అంటే సొంత బాబాయి కాదు, బాపుతో చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్న దోస్తు. నిజామాబాద్‌లో ఎవరి దగ్గరో చాలా ఏళ్లు మెకానిక్‌గా పనిచేసి, అప్పుడే మామిడిపల్లి చౌరస్తా దగ్గర రేకుల షెడ్డు వేసుకున్నాడు. సొంత షెడ్డులో ఆయన విప్పుతున్న మొదటి ఇంజను మాదే. ఊళ్లో కిరాయి బండ్లవాళ్లంతా, మా బాపు గంగారాం బండి ఎట్లా నడుస్తుందో చూసి తర్వాత పోదామని కాచుకుని ఉన్నారు. ఆ బండి నడిస్తే షెడ్డు నిలుస్తుంది, లేకపోతే లేదు. సంగతి మాకూ తెలుసు, కాకకూ తెలుసు. ఆయన పానా పట్టుకునే ముందు రోజూ ఒక నిమిషం కళ్లు మూసుకుని పెదవులు కదిపేవాడు. చర్చిలో కూడా అంత భక్తిగా ప్రార్థన చేయడని ఆయన భార్య మార్తమ్మ చిన్నమ్మ నవ్వేది.

కాక కళ్లు మూసుకోవడం చూసి నాయనమ్మకు కొత్త అనుమానం పుట్టింది. "ఏం మంత్రమేస్తుండో! మంచి సామాను తీసి పాత సామాను ఏస్తడు, మనకెర్కయితదా?" అని రోజూ మధ్యాహ్నం గొడుగు వేసుకుని షెడ్డుకు పోయి, డబ్బా బోర్లించుకుని కాపలా కూర్చునేది. నేను తోడు. గోనెసంచి మీద పరిచిన ఇంజను సామాన్లన్నిటికీ, కాక టీకి పోయిన సందు చూసి సున్నం బొట్లు పెట్టింది, మారిస్తే తెలిసిపోవాలని. మర్నాడు కాక వాటన్నిటినీ కిరసనాయిలులో ముంచి కడిగాడు. ఒక్క బొట్టూ మిగల్లేదు. "మార్చిండు!" అని నాయనమ్మ గొంతు చించుకుంది. కాక కోపగించుకోలేదు. నల్లటి చేతులతోనే నవ్వి, "పెద్దమ్మా, నీ కొడుకు బండి నా బండి గాదా? నా సామాను నేనే ఎత్కపోతనా?" అన్నాడు. దొరక్కుండా మాట్లాడేవాళ్లనే ఎక్కువ కనిపెట్టాలని ఆ రాత్రి అన్నం తింటూ ఆవిడ మాకు పాఠం చెప్పింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైన కథలు ఆవిడ దగ్గర చాలా ఉండేవి.

ఎనిమిదో రోజు సాయంత్రం షెడ్డులో ఇంజను స్టార్ట్ అయింది. కాక స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. బాపును పిలిచి ఆయనకూ వినిపించాడు. ఇద్దరూ చంటిపిల్లవాడు నిద్రపోతుంటే మాట్లాడుకున్నట్టు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. బాపు కారు నడుపుకుంటూ ఇంటికి తెచ్చాడు. మర్నాడు ఆలూర్ నుంచి పెళ్లికొడుకును ఎక్కించుకుని సిరికొండ పోవాలి. పొద్దున్నే నాయనమ్మ నన్ను లేపి పసుపు నీళ్ల ఇత్తడి గిన్నె చేతికిచ్చింది. అంతకుముందైతే పండగలకు బానెట్ మీదా చక్రాలకూ బొట్లు పెట్టి ఊరుకునేవాళ్లం. ఈసారి ఆవిడ ఒప్పుకోలేదు. "చేయి మారింది లోపటి ఇంజను, పైన రేకు గాదు. లోపట చల్లు" అంది. కుంకుమ గిన్నె పట్టుకుని దగ్గరుండి బానెట్ ఎత్తించింది. నేను ప్లగ్గులకు తలో బొట్టు పెట్టాను. వాటి మధ్య ఒక నల్లటి గుండ్రటి మూత, దానిలోంచి నాలుగు వైపులకూ వైర్లు. నాలుగు ప్లగ్గులకూ వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ అదేనని నాకు తర్వాత తెలిసింది. ఆ పొద్దున మాత్రం అది ఇంజనుకు తలకాయ అనుకున్నాను. వేపరెమ్మతో చల్లాక గిన్నెలో ఇంకా సగం నీళ్లున్నాయి. పారబోస్తే పాపం కదా అని, పసిబిడ్డకు పోసినట్టు మెల్లగా ఆ తల మీదే పోశాను. నాయనమ్మ మెచ్చుకుంది కూడా.

బాపు తెల్ల చొక్కా వేసుకుని వచ్చి సెల్ఫ్ కొట్టాడు. గిర్రుగిర్రున తిరిగింది తప్ప ఇంజను అందుకోలేదు. మళ్లీ కొట్టాడు. దిగి పెట్రోల్ పైపు ఊడదీసి నోటితో పీల్చి ఉమ్మేశాడు, పెట్రోల్ వస్తోంది. బ్యాటరీ వైర్లు కదిపి బిగించాడు. నన్ను సీట్లో కూర్చోబెట్టి సెల్ఫ్ కొట్టమని, ఒక ప్లగ్గు విప్పి ఇంజను ఇనుముకు ఆనించి చూశాడు. రవ్వ రాలేదు. ఇంకోటి విప్పాడు. దాన్లోనూ లేదు. అప్పటికే వాకిట్లో జనం చేరారు. జీపు తోలే పోశెట్టి, ఎప్పుడూ బాపు కిరాయిల మీదే కన్నేసి ఉండేవాడు, తొంగిచూసి "రవ్వ పుట్టిచ్చే కాయిల్ పోయిందే గంగన్న. పోయిందంటే పోవుడు గాదు, తీసుడే. నీ ఒరిజినల్ కాయిల్ తీసి, ఒక్క పూట నడిచే సచ్చిన కాయిల్ ఏసిండు. నిజామాబాద్‌ల గిదే దందా" అన్నాడు. నాయనమ్మ నెత్తి బాదుకుంది. "సున్నం బొట్లు ఎందుకు కడిగిండో ఇప్పుడు ఎర్కయిందా?" అంది. బాపు నుదుటి మీద చెమట. అప్పటిదాకా ఒక్కో భాగమే పట్టి చూస్తున్నవాడు, ఆ మాట వినగానే వెతకడం ఆపేశాడు. దొంగ దొరికాక ఇంకా వెతుకుతామా మరి. బానెట్ కింద అంతా పసుపే, వైర్ల మీదా రేకు మీదా బొట్లే. ఒక్కరి కంటికి కూడా ఆనలేదు. పెళ్లికొడుకును తేవడానికి పోశెట్టి తమ్ముడు జీపు తీసుకుని ఆలూర్ బయలుదేరాడు.

ఎవరో కబురు చేస్తే కాక తన మోపెడ్ మీద వచ్చాడు. స్టాండు వేయకముందే బాపు అడిగాడు. "నా కాయిల్ ఏది సామేల్?" కాకకు అర్థం కాక నవ్వబోయాడు. బాపు నవ్వలేదు. "నవ్వుడు గాదు. నా కాయిల్ ఏదంటున్న." కాక ఒక్కొక్కరి మొహం చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు ఆయన, మాట్లాడకుండా వచ్చి పని మొదలుపెట్టాడు. కాయిల్ నుంచి వచ్చే లావు వైరు మూతలోంచి పీకి ఇనుముకు దగ్గరగా పట్టుకుని, నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. నీలంరంగు రవ్వ టప్పున ఎగిరింది. "కాయిల్ మంచిగనే ఉంది అన్నా, సూడు" అన్నాడు. "నువ్వు ముట్టుకున్నంక వచ్చింది" అన్నాడు పోశెట్టి. కాక వినిపించుకోలేదు. ఆ నల్ల మూత క్లిప్పులు ఊడదీసి పైకెత్తాడు. నేను సీట్లోంచి దిగి పక్కనే నిలబడ్డాను. మూత లోపల పచ్చటి నీళ్లు మెరుస్తున్నాయి. కాక వేలితో అద్ది, ఒక క్షణం ఆగి, నాలుక చివరకు తాకించుకున్నాడు. ఉప్పు తగిలినట్టుంది. తలెత్తి నన్ను చూశాడు. నాయనమ్మ చేతిలోని కుంకుమ గిన్నెను చూశాడు. చుట్టూ చేరిన పదిమందినీ చూశాడు.

అప్పుడాయన ఏమనుకున్నాడో ఆ తర్వాత నేను ఎన్నిసార్లు ఆలోచించానో లెక్క లేదు. చర్చికి పోయే మనిషి, ఒక ముసలామె పూజే ఇంజనును ఆపిందని పసుపు మార్కెట్టు ఊళ్లో పదిమందిలో అనగలడా? అంటే ఆ మాటకు ఎన్ని కాళ్లు మొలుస్తాయి? అనలేదు. జేబులోంచి గుడ్డ తీసి, పెట్రోల్‌లో తడిపి మూత లోపలా బయటా తుడిచాడు, నోటితో ఊది ఆరబెట్టాడు. ప్లగ్గులు తుడిచి బిగించాడు. గుడ్డ పచ్చగా అయింది. దాన్ని గుప్పిట్లో నలిపి ప్యాంటు జేబులో కుక్కుకున్నాడు. "కొట్టు బిడ్డా" అన్నాడు. ఒక్క సెల్ఫుకే ఇంజను అందుకుంది. "ఏమైంది దీనికి?" అన్నాడు బాపు. "ఏం లేదన్నా. జర తేమ వట్టింది." బయట నాలుగు రోజులుగా గాడ్పులు కొడుతున్నాయి. "గీ ఎండల తేమనా?" అన్నాడు బాపు. జనం నవ్వారు. పోశెట్టి ముందుకొచ్చాడు. "జేబుల ఏం వెట్టుకున్నవ్?" "మసిగుడ్డ అన్నా." "అయితే తియ్యి, చూపియ్యి." కాక చేయి జేబు మీద పెట్టుకున్నాడు. తీయలేదు. "సామేల్, చూపియ్యి" అన్నాడు బాపు, ఈసారి మెల్లగా, బతిమాలుతున్నట్టు. కాక బాపు వంక చూసి, "నన్ను నమ్మినోనివైతె అడుగవు. నమ్మకుంటె చూపిచ్చినా నమ్మవు" అని మోపెడ్ ఎక్కాడు. "దొంగ!" అని బాపు వెనక నుంచి అరిచాడు. పోతూ పోతూ నా దగ్గర బండి నెమ్మది చేసి, నాకొక్కదానికే వినపడేలా, "ఇంజన్ మీద నీళ్లు వడనియ్యకు బిడ్డా" అన్నాడు.

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆ జేబులో ఏముందో చెప్పాలంటే నాలుగు మాటలు చాలు. నాయనమ్మ ఏమంటుందోనని భయం. అంతకంటే, అందరి కళ్లూ కాక మీద నుంచి నా మీదకు తిరుగుతాయని భయం. నాకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. చిన్నపిల్లనని తప్పించుకోవడానికి కూడా లేదు. తీసిన కాయిల్ పట్టుబడే సరికి మళ్లీ పెట్టాడని, ఆనవాలు జేబులో దాచుకుని పోయాడని వారం తిరిగేసరికి ఊరంతా పాకింది. మా నాయనమ్మ నోట్లో నువ్వుగింజ నానదు, ఇంటింటికీ తనే తిరిగి చెప్పింది. కిరాయి బండ్లు ఒక్కటీ ఆ షెడ్డు వైపు తిరగలేదు. వానాకాలం వచ్చేసరికి రేకులు విప్పేశారు. కాక మళ్లీ నిజామాబాద్‌లో ఎవరి కిందో పనికి కుదిరి, పొద్దున్నే బస్సెక్కి పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు. బస్టాండులో కనపడితే నన్ను "సదువుతున్నవా బిడ్డా?" అని పలకరించేవాడు. ఆ పలకరింపు నాకు తిట్టులా తగిలేది. ఈసారి చెప్పేస్తా, ఈసారి చెప్పేస్తా అనుకుంటూనే నాకు పెళ్లయింది, ఉద్యోగం వచ్చింది, నాయనమ్మ పోయింది.

ఇప్పుడు నా కారు సర్వీసింగుకు ఇస్తే లోపలికి కూడా రానివ్వరు. అద్దాల గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. ఇంజను మీద ప్లాస్టిక్ మూత, దాని కింద ఏముందో చూపించమని అడగాలని కూడా ఎవరికీ తోచదు. కంప్యూటర్ తగిలించి, అది చెప్పిందే రోగం అంటారు, మనం తలూపి వస్తాం. ఇంట్లో పాలు ప్యాకెట్లో వస్తాయి, గారెలు డబ్బాలో వస్తాయి, కుక్కకు ముందు పెట్టే పని లేదు. నాయనమ్మ ఉంటే ఈ నమ్మకాన్ని చూసి మాకు మతి పోయిందనేది. ముక్కూ మొహం తెలియని వాళ్లనందరినీ నమ్ముతున్నాం. ఆ రోజుల్లో మా అనుమానమంతా మాకు బాగా తెలిసినవాళ్ల మీదే ఉండేది. ఏది మేలో తేల్చుకోలేక పోతున్నాను. అనుమానించడం తెలివని నాకు నేర్పారు, నేనూ అదే నమ్మి పెరిగాను. ఆ తెలివి ఒక మనిషి షెడ్డును కూల్చింది. సిగ్గుగా ఉంది, ఇంతకంటే మంచి మాట నాకు దొరకడం లేదు.

కాక ఇంట్లో మార్తమ్మ చిన్నమ్మ ఒక్కతే ఉంది. వచ్చిన చుట్టాలంతా వెళ్లిపోయారు. బాపును చూసి లేవబోయి, మళ్లీ కూర్చుంది. కుర్చీలు చూపించింది. జబ్బు సంగతి, దవాఖాన సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. ఆమె చీర కొంగు చివర మడత పెడుతూ, విప్పుతూ, ఉన్నట్టుండి అడిగింది.

"గంగన్నా, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. మనిషి ఉన్నన్ని దినాలు ఆయన్ని అడుగలేకపోయిన. ఒక్కసారి అడిగితె అన్నం ముంగటికెల్లి లేచి బయటికి పోయిండు. చెప్పడాయె, తియ్యలేదని గూడ అనడాయె. గా కాయిల్ నిజంగ తీసిండా?"

బాపు నేల చూపులు చూస్తూ, "తియ్యలే చెల్లె" అన్నాడు.

"నా మనసు కోసం అంటున్నవా?"

"నిజం. ఆ దినం పగటీలికే నాకు ఎర్కయింది. ఆయన పోయినంక నేను మూత ఇప్పి చూసిన. సందులల్ల పసుపు ఉండె, ఉప్పు ఉండె. మా ఇంట్ల పోసిన నీళ్లే. మా పరువు వోవద్దని తుడ్శి జేబుల వెట్టుకొని పోయిండు."

ఇన్నేళ్లూ ఒకే ఇంట్లో తిరిగాం, ఒకే కంచం దగ్గర కూర్చున్నాం.

"మరి చెప్పకపోతివి?" అంది ఆమె.

"మొఖం చెల్లలే. పది మంది ముంగట దొంగ అన్న. రేపు పోయి చెప్త, ఎల్లుండి చెప్త అనుకున్న. దినాలు వోయినకొద్ది నోరు రాలే. ఎదురయితె తలకాయ ఎత్తలేకపోతుంటి. వాడు నిజంగ దొంగైతె బాగుండు అనిపిచ్చేది చెల్లె."

నేను ఇంక ఆగలేకపోయాను. "నాకూ ఎర్కనే చిన్నమ్మా. ఆ నీళ్లు పోసింది నేనే. గుడ్డ తుడుస్తుంటె పక్కనే ఉన్న" అన్నాను. బాపు తల తిప్పి నన్ను చూశాడు.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. బాపు మొహంలోకి చూసింది, నా మొహంలోకి చూసింది.

"ఆయనకు ఎర్కె. మీ ఇద్దరికీ ఎర్కె" అంది. "అంటె, గిన్నేండ్లు ఆయన్ని నిజంగ అనుమానపడ్డది, ఇంట్లున్న నేనొక్కదాన్నేనా?"